పది సెంటీమీటర్ల పిట్ట కోసం

పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుందంటే మనం బండి ఆపి, బ్యాగు విప్పి, లెన్స్ మూత తీసి, సెట్టింగులు సరిచూసుకునేదాకా చాలాసార్లు అక్కడే ఉంటుంది. కొంగ అయితే ఇంకా నయం. ఎర్ర జీనువాయి దగ్గరికి వచ్చేసరికి ఆ ధీమా అంతా పోతుంది. ముక్కు నుంచి తోక చివరిదాకా కొలిస్తే 10 సెంటీమీటర్లు, బరువు 10 గ్రాములకు అటూ ఇటూ. గడ్డి పరక మీద వాలుతుంది, రెండు గింజలు కొరుకుతుంది, మనం వ్యూఫైండర్‌లో దాన్ని వెతికి పట్టుకునేలోగా పరక ఒక్కటే ఊగుతూ కనిపిస్తుంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఉండేది హైదరాబాదు శివారు బీరంగూడలో, అమీన్‌పూర్ చెరువు మాకు దగ్గరే. కొన్నేళ్లుగా నా ఆదివారాలు ఎక్కువగా ఈ పిట్ట వెనకే పోయాయి.

దీని ఇంగ్లీషు పేరు రెడ్ మునియా అని వెతికితే నెట్‌లో బోలెడు ఫోటోలు దొరుకుతాయి. వాటిలో కనిపించే ఎరుపంతా మగపిట్టదే, అదీ కొన్ని నెలలే. వానలు మొదలయ్యాక మెల్లగా రంగెక్కి, సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి ఒళ్లంతా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద తెల్లటి చుక్కలు, కుంకుమ మీద ముగ్గుపిండి చిలికినట్టు. చలికాలం దాటాక ఆ రంగంతా పోయి, ఆడపిట్టలాగే గోధుమరంగులోకి వచ్చేస్తుంది. తోక పైభాగాన ఎరుపు మాత్రం మిగులుతుంది. మన ఊళ్లలో కనిపించే మిగతా జీనువాయిలు ఏడాది పొడుగునా ఒకే రంగులో ఉంటాయి కాబట్టి, దీన్ని మొదటిసారి రంగు పోయాక చూసినవాళ్లెవరూ అదే పిట్ట అనుకోరు.

ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే నా అవస్థలన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. నా దగ్గరున్నది 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపుది పెద్దగా కనిపిస్తుంది), బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. పిట్ట 10 మీటర్ల దూరంలో ఉంటే, 600 దగ్గర, సెన్సర్ మీద దాని బొమ్మ 6 మిల్లీమీటర్లు పడుతుంది. నా కెమెరా సెన్సర్ వెడల్పు ఇరవై మూడున్నర మిల్లీమీటర్లు. అంటే ఫ్రేము వెడల్పులో పిట్టకు వచ్చేది నాలుగో వంతు. 20 మీటర్లయితే అందులో సగం. అప్పుడు కంప్యూటర్‌లో పెట్టి చుట్టూ కత్తిరించాలి. కత్తిరించేకొద్దీ ఈకలు పోయి గరుకు మిగులుతుంది.

ఇంకా పెద్ద లెన్స్ కొంటే సరిపోదా అని ఆఫీసులో చాలామంది అడిగారు. 800 లెన్స్ పెట్టినా, అదే 10 మీటర్ల దగ్గర బొమ్మ 6 నుంచి 8 మిల్లీమీటర్లకే పెరుగుతుంది. పిట్ట 10 మీటర్ల నుంచి 5 మీటర్లకు వస్తే మాత్రం 12 అవుతుంది. 800 లెన్స్ పెంచేది రెండు మిల్లీమీటర్లు, అడుగులు పెంచేది ఆరు. కానీ ఆ అడుగులు మనం వేస్తే పిట్ట ఉండదు. అదే వేయాలి. ఈ ఒక్క విషయం నా బుర్రకెక్కడానికి చాలా కాలమే పట్టింది. అప్పటిదాకా అందరిలాగే నేనూ వంగి, పాక్కుంటూ, గడ్డిలో దోమల చేత కుట్టించుకుంటూ ముందుకు పోయేదాన్ని.

కెమెరా చేతికి అలవాటైంది మాత్రం ఇంట్లోనే. బాల్కనీలో మందారం కుండీల దగ్గరికి తేనెపిట్టలు వచ్చేవి. మగ తేనెపిట్ట దూరం నుంచి చూస్తే ఉత్త నలుపు. పొద్దుటి ఎండ దాని మీద ఒక కోణంలో పడితేనే నీలం, ఊదా మెరుస్తాయి. ఆ మెరుపు ఈకలోని రంగుది కాదు, ఈక నిర్మాణం వెలుతురును వెనక్కి పంపే తీరుది. అందుకే పిట్ట తల కాస్త తిప్పిందంటే మెరుపు ఆరిపోతుంది. వెలుతురు నా వెనక నుంచి రావాలని, పిట్ట తల నా వైపు తిరిగే క్షణం కోసం ఆగాలని పుస్తకాల్లో చదివినప్పుడు ఎక్కలేదు. మందారం కుండీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాక ఎక్కింది. సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగం ఈ పిట్టలకు చాలదని కూడా అక్కడే తెలిసింది. రెక్క ఆడించకపోయినా తల ఆడిస్తూనే ఉంటుంది. 1600లో ఒక వంతు అయితే ఫర్వాలేదు. ఎగిరే పిట్టకు 3200 కావాలి.

చెరువు దగ్గర కథ వేరు.

అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల నాటిది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. బోర్డు ఉంది. బోర్డు చుట్టూ అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. నీళ్ల అంచున జమ్ము, దాని వెనక తుంగ, ఇంకా వెనక్కి వస్తే రెల్లు, సర్కారు తుమ్మ కంపలు. జీనువాయిలకు నీళ్లు కాదు, ఆ గడ్డి కావాలి. వాటి తిండి గడ్డి గింజలు, గూడు కట్టేది గడ్డితో, దాక్కునేది గడ్డిలో. కొత్త వెంచర్ కోసం జేసీబీతో చదును చేసిన ఖాళీ స్థలంలో మరుసటి వానాకాలం ఏపుగా గడ్డి మొలిస్తే అక్కడికీ వస్తాయి. మరుసటేడు అక్కడ గోడ లేస్తుంది. నేను పిట్టను చూసిన చోట్లు కొన్ని ఇప్పుడు పార్కింగ్ స్థలాలు.

ఆడవాళ్లకు ఇందులో ఉన్న ఇబ్బందులు ఫోటోగ్రఫీ పుస్తకాల్లో ఉండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. పొద్దున్నే ఆరు గంటలకు చెరువు కట్ట మీద ఒక్కదాన్నే కూర్చోవడం కుదరదు. రాత్రి తాగినవాళ్ల సీసాలు అక్కడే ఉంటాయి, ఒక్కోసారి మనుషులూ ఉంటారు. కుక్కలు సరేసరి. నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలంటే బాత్రూమ్ సంగతి ముందే చూసుకోవాలి, అంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించాలి, అది ఒంటికి మంచిది కాదు. చివరికి మేం ముగ్గురం ఆడవాళ్లం ఒక జట్టు అయ్యాం. అందులో ఒకరికి కారుంది. సగం సమస్యలు ఆ కారుతోనే తీరాయి.

కారు వల్ల ఇంకో లాభం ఉంది. మనిషిని చూసి ఎగిరే పిట్ట కారును చూసి ఎగరదు. గండిపేట వెనక మట్టిరోడ్ల మీద రోడ్డు పక్కన కారు ఆపి, ఇంజన్ కట్టేసి, అద్దం దించి, తలుపు మీద సంచి పెట్టి, దాని మీద లెన్స్ ఆనించి కూర్చుంటాం. ఇంజన్ ఆన్‌లో ఉంటే ఆ వణుకంతా ఫోటోలోకి వస్తుంది. ఏసీ వేసుకుని వెళ్తే, వానాకాలంలో అద్దం దించగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, అది ఆరడానికి పావుగంట. అందుకని ఆ కాస్త దూరం ఉక్కపోతలోనే వెళ్తాం.

ఆ సంచి కథ కూడా చెప్పాలి. మార్కెట్‌లో దొరికే బీన్ బ్యాగ్ ఖరీదు చూసి, మా అమ్మాయి పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, రెండు వైపులా కుట్టి, వడ్లు పోశాను. బాగా పనిచేసింది. లెన్స్ కుదురుగా కూర్చునేది. రెండు నెలలకు వడ్లకు పురుగు పట్టింది. మా అత్తగారు ఆ సంచిని డాబా మీద ఎండబెట్టారు. సాయంత్రానికి పిచ్చుకలు, జీనువాయిలు వచ్చి కుట్టు ఊడిన చోట నుంచి వడ్లు లాగుతున్నాయట. నేను ఆ టైముకి చెరువు దగ్గర గడ్డిలో ఉన్నాను.

పెద్ద లెన్స్, ట్రైపాడ్ చూసి అందరూ మమ్మల్ని సర్వేవాళ్లనుకునేవారు. ఆ చుట్టుపక్కల భూముల ధరలు అలాంటివి. ఒక పెద్దాయన రోజూ అటు బర్రెలు తోలుకొస్తాడు. మొదటిసారి కాసేపు అనుమానంగా చూసి, దగ్గరికొచ్చి అడిగాడు.

“సర్వేకొచ్చిండ్రా మేడమ్? రోడ్డు పడ్తదా ఈడ?”

“కాదు తాతా, పిట్టల ఫోటోలు తీసుకుంటున్నాం.”

“గింత పిట్టకు గంత పెద్ద మిషినా?”

స్క్రీన్ మీద ఫోటో పెద్దది చేసి చూపించాను. అది కూడా అంత బాగా వచ్చింది కాదు, తోక వైపు నుంచి. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన చెప్పిన మాట నాకు ఏ వర్క్‌షాపులోనూ ఎవరూ చెప్పలేదు.

“ఎన్కులాడితే దొరకయ్ బిడ్డా. పొద్దుగాల గడ్డి మీద మంచు ఆరినంక వస్తయ్. ముందుగాల గా తుమ్మకంప మీద కూసుంటయ్, అటెన్క గడ్డిల దిగుతయ్. నువ్వు ఈడ కూసో, అవే వస్తయ్.”

ఆ తుమ్మ కంపకు ఐదారు మీటర్ల దూరంలో కూర్చున్నాం. సూర్యుడు మా వీపు వెనక ఉండేలా చూసుకున్నాం. ముదురు ఆకుపచ్చ చీర పాతది ఒకటి కప్పుకున్నాను. వేలల్లో అమ్మే జాకెట్ల కంటే అది నయం, గాలాడుతుంది. ఆ రోజు వచ్చాయి, కానీ కంప అవతలి వైపు వాలాయి. తర్వాతి ఆదివారం వాన. ఆ పై ఆదివారం ఎవరో ఆ గడ్డిలోకి కుక్కల్ని వదిలారు. ఇలా చెప్పుకుంటూ పోతే ఆ సీజనంతా అదే గొడవ.

వచ్చినప్పుడు కూడా పని అయిపోదు. ఆటోఫోకస్‌కు పిట్ట కంటే పిట్ట ముందున్న గడ్డి పరక ఇష్టం. ఇప్పుడొస్తున్న కెమెరాలు పక్షి కన్ను వెతికి పట్టుకుంటాయి గానీ, నాది కాస్త పాతది, అందులో ఆ సదుపాయం లేదు. ఒక్క పాయింటు పెట్టుకుని, దాన్ని పిట్ట కంటి మీదకు తీసుకెళ్లి, పరక అడ్డొస్తే ఫోకస్ రింగును చేత్తో కొంచెం తిప్పుకోవాలి. పైగా 600 దగ్గర, 5 మీటర్ల దూరంలో, స్పష్టంగా వచ్చే లోతు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. పిట్ట మనకు ఎదురుగా తిరిగి ఉంటే కన్ను బాగుంటుంది, తోక మసకబారుతుంది. పక్కకు తిరిగితేనే ముక్కు, కన్ను, రెక్క, తోక అన్నీ ఒక వరసలోకి వస్తాయి. అంటే పిట్ట రావాలి, పక్కకు తిరగాలి, పరక అడ్డు రాకూడదు, గాలి ఆగాలి, ఇవన్నీ కలిసిన అర సెకనులో నా వేలు బటన్ మీద ఉండాలి. టెన్షన్‌తో ఊపిరి బిగబడితే చేయి ఇంకా వణుకుతుంది.

ఎరుపుతో ఇంకో తలనొప్పి. స్క్రీన్ మీద ఫోటో బాగానే కనిపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే రొమ్మంతా ఒకే ఎర్రటి ముద్ద, ఈక ఒక్కటీ విడిగా లేదు. కెమెరా మొత్తం వెలుతురు సరిగ్గా ఉందనుకుంటుంది గానీ, అందులో ఎరుపు ఒక్కటే గిన్నె దాటి పొంగిపోయి ఉంటుంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్, అంటే వెలుతురు గ్రాఫు, పెట్టుకుంటే ఇది అక్కడికక్కడే తెలుస్తుంది. నేను ఎక్స్‌పోజర్‌ను, అంటే లోపలికి తీసుకునే వెలుతురును, స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి తీస్తాను (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది). నీడలు కాస్త నల్లబడతాయి, పోనీ. నీడను తర్వాత లేపొచ్చు. పోయిన ఎరుపును మాత్రం తిరిగి తెచ్చుకోలేం.

ఇక ఎండ. తొమ్మిది దాటాక నేల వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంది. కంటికి అంతగా తెలియదు, 600 లెన్స్‌లో చూస్తే పిట్ట అంచులన్నీ కరిగిపోతుంటాయి. అప్పుడు ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా దండగే. కెమెరా మూసేసి, దగ్గర్లో ఇడ్లీ బండి ఉంటే అక్కడికి వెళ్లడం మంచిది.

అక్టోబరు చివర్లో ఒక పొద్దున మగపిట్ట ఒకటి కంప మీద నుంచి దిగి మాకు బాగా దగ్గర్లోని గడ్డిలో వాలింది. ఒక కాలు ఒక పరక మీద, ఇంకో కాలు పక్క పరక మీద. దాని బరువుకు రెండు పరకలూ విడిపోతుంటే కాళ్లు దగ్గరికి లాక్కుంటూ, నిటారుగా నిలబడి, గడ్డి వెన్ను అందుకుని గింజ లాగింది. నేను నొక్కాను. పదిహేనో ఇరవయ్యో ఫ్రేములు పడ్డాయి. వాటిలో ఒకదాంట్లో, ఎర్రటి ముక్కు అంచున ఒలిచిన గింజ పొట్టు వేలాడుతోంది. ఆ పొట్టు మీది నూగు కూడా కనిపిస్తోంది. కంటి చుట్టూ సన్నటి ఈకలు, రెక్క మీద ఒక్కో తెల్లచుక్క ఈక చివర సరిగ్గా ఎక్కడ మొదలైందో, అన్నీ. ఇంట్లో కంప్యూటర్‌లో చూస్తున్నప్పుడు మా ఆయన వెనక నుంచి వచ్చి, “ఇది మన చెరువు దగ్గరిదేనా?” అన్నాడు. పదేళ్లుగా ఆయన ఆ చెరువు పక్క నుంచే ఆఫీసుకు పోతున్నాడు.

అయితే నాకు అంతకంటే ఇష్టమైన ఫోటో వేరే ఉంది. అందులో పిట్ట చిన్నదిగా ఉంటుంది, కాస్త మసక కూడా. మగపిట్ట ఒకటి తన ఒంటికంటే పొడవున్న కొంగ ఈకను ముక్కున కరుచుకుని, గాలికి ఈక ఒకవైపు లాగుతుంటే తాను ఇంకోవైపు లాక్కుంటూ పొదలోకి పోతోంది. జీనువాయిలు గడ్డితో గుండ్రంగా గూడు అల్లుకుని లోపల ఈకలు పరుస్తాయి. అంటే ఆ పొదలో గూడుంది. నేను ఆ పొద వైపు వెళ్లలేదు, మిగతావాళ్లకూ చోటు చెప్పలేదు.

ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ, దాచుకోను. ఒక తేనెపిట్ట గూడు ఫోటో కోసం చుట్టూ ఉన్న కొమ్మలు కత్తిరించిన చోటు చూశాను. ఎవరు చేశారో తెలియదు. ఆకుల చాటు పోతే ఎండ పిల్లల మీద పడుతుంది, కాకి కళ్లు కూడా పడతాయి. ఫోన్‌లో పిట్ట కూత పదేపదే వేసి పిలిచేవాళ్లూ ఉన్నారు. ఇంకో మగపిట్ట తన చోట్లోకి వచ్చిందనుకుని, ఆ పిట్ట తిండి మానేసి, పిల్లల్ని వదిలేసి వెతుకుతుంది. అలా తీసిన ఫోటోకు వెయ్యి లైకులు వస్తాయి. నాకు ఆ ఫోటో మీద గౌరవం లేదు.

బర్రెల తాత ఇంకో మాట చెప్పాడు. వెనకట వలలు వేసి ఈ పిట్టల్నే పట్టుకుపోయి పట్నంలో అమ్మేవాళ్లట. జీనువాయిలకు రంగులు పూసి అమ్మడం ఈ దేశంలో చాలాచోట్ల జరిగిన సంగతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పిట్టల్ని పట్టడం, పంజరంలో పెట్టి అమ్మడం నేరం. కెమెరా పట్టుకున్న మనుషులు రోజూ తిరుగుతుంటే వల వేసేవాడు ఆ చోటికి రాడని తాత నమ్మకం. నిజమో కాదో గానీ, మమ్మల్ని అక్కడ కూర్చోనిచ్చింది ఆ నమ్మకమే.

చలికాలంలో నర్సాపూర్ అడవికి, అనంతగిరికి వెళ్తాం. అక్కడ గడ్డి కాదు, చీకటి అడ్డం. చెట్ల కింద వెలుతురు లేక ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, 6400 దాకా పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. ఒకసారి ఫ్లైక్యాచర్ ఒకటి కనిపించింది, చలికాలపు అతిథి, చిన్న బూడిదరంగు పిట్ట. రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ అని, పిట్టల్ని ఎక్కడ చూశామో నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించాను. అది అదేనా, దానికి దగ్గరి పోలిక ఉన్న టైగా ఫ్లైక్యాచరా అని పరిశీలకులు అడిగారు. నా ఫోటో గొప్పదేం కాదు, గరుకు గరుకుగా ఉంది. కానీ పిట్ట తల ఎత్తినప్పుడు తీసింది కాబట్టి కింది ముక్కు మొదలు లేతగా ఉన్నట్టు స్పష్టంగా తెలుస్తోంది. టైగా అయితే ముక్కంతా నల్లగా ఉంటుంది, తోక మొదలును పైనుంచి కప్పే ఈకలు కూడా కారునలుపు. రికార్డు నిలబడింది. ఫ్రేము కట్టించుకునే ఫోటో కాదు, కానీ దాని వల్ల ఒక పిట్ట ఫలానా రోజు ఫలానా చోట ఉందని లెక్కలోకి వెళ్లింది. 1931, 1932లలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు పిట్ట ఉందనడానికి సాక్ష్యం దాన్ని కాల్చి తెచ్చిన నమూనా. ఇప్పుడు గరుకు ఫోటో చాలు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఎర్రటి మగపిట్ట ఒక్కదాని కోసం కాకుండా, ఏ నెలలో దొరికిన జీనువాయిని ఆ నెలలో తీస్తూ వస్తున్నాను, ఆడదైనా, రంగు పోయిన మగదైనా. ముఖ్యంగా ముక్కు. దీని ముక్కు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. మే నెలలో ఎర్రబడటం మొదలై, నవంబరు, డిసెంబరులకు ముదిరి, ఏప్రిల్‌లో గబగబా నల్లబడుతుంది. మే నుంచి మార్చి దాకా, అక్కడొకటి ఇక్కడొకటి, నా దగ్గర ఉన్నాయి. పక్కపక్కన పెడితే రంగు నడిచిపోవడం కనిపిస్తుంది. ఏప్రిల్ మాత్రం లేదు. గడ్డి ఎండిపోయి గుంపులు చెదిరిపోతాయి, ఎనిమిదింటికే గాలి కరగడం మొదలవుతుంది, ఆ గోధుమరంగు పిట్ట ఎండుగడ్డిలో కూర్చుంటే మన కంటికి ఆనదు. తాతను అడిగితే, చెరువు తూము దగ్గర కాస్త తడి ఉంటుంది, ఎండాకాలం నీళ్లకు అక్కడికే వస్తాయన్నాడు. బ్యాంకులో మార్చి ఎండింగ్ గొడవ అయిపోగానే ఏప్రిల్ రెండో వారానికి సెలవు పెట్టాను. మేనేజరు గారు పెళ్లా అని అడిగారు, అవునన్నాను.